బోరునీళ్లకు పుట్టిల్లెక్కడ?

శ్రీకాకుళం జిల్లా పైడిభీమవరం చుట్టుపక్కల బోరునీళ్ల గొడవ మళ్లీ రాజుకుంది. ఈ పారిశ్రామికవాడ ఎలా వచ్చిందో రణస్థలం వాళ్లకూ, పక్కనే విజయనగరం జిల్లాలో ఉన్న పూసపాటిరేగ వాళ్లకూ చెప్పక్కర్లేదు. నీళ్లు బాగోలేవన్న దాని మీద పెద్ద పేచీ కూడా లేదు. ఆ చెడు ఎక్కణ్నుంచి వచ్చిందన్న దగ్గరే అంతా ఆగిపోతోంది.

మందుల కంపెనీల జవాబు అందరికీ తెలిసిందే: మాది జీరో లిక్విడ్ డిశ్చార్జ్, చుక్క బయటికి వదలం, సముద్రం దగ్గర కాబట్టి ఉప్పు ఉంటుంది, మిగతాది ఎరువుల పాపం. ఊళ్లవాళ్లేమో ఫ్యాక్టరీల వైపు వేలు చూపిస్తారు. మధ్యలో పరీక్షలు చేసేవాళ్లు సీసాలు నింపుకెళ్లి పీహెచ్ (ఆమ్లం, క్షారం పాలు చెప్పే అంకె), టీడీఎస్ చూస్తారు. టీడీఎస్ ఎక్కువ ఉంటే నీళ్లలో కరిగినవి ఎక్కువ ఉన్నాయని అర్థం, అంతే. అవి ఎవరివో ఆ అంకె చెప్పదు.

ఈ చిక్కుముడి ఎలా వీడుతుందో చూడాలంటే రాజస్థాన్‌లోని బిచ్రీ వెళ్లాలి. ఉదయపూర్ దగ్గరి ఈ ఊళ్లో 1988లో హెచ్-యాసిడ్ తయారీ మొదలైంది. రంగుల పరిశ్రమకు పనికొచ్చే రసాయనం అది. ఏడాది తిరక్కుండానే ఆగిపోయింది. అప్పటికి తయారైన సరుకు 375 టన్నులైతే, మిగిలిన విషపు మడ్డి 2,400 టన్నుల పైచిలుకు. వానలకు అది నేలలోకి దిగింది, నూతుల్లో నీళ్లు రంగు మారాయి. హెచ్-యాసిడ్ ప్రకృతిలో దొరకదు, ఏ ఎరువులోనూ ఉండదు. అంటే కాలుష్యమే తన ఇంటిపేరు చెప్పేసింది. 1996 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు పాడు చేసినవాళ్లే బాగుచేసే ఖర్చు భరించాలంది. ఆ ఖర్చు లెక్క రూ.37 కోట్లు దాటింది. దాన్ని వడ్డీతో కట్టమని గట్టిగా చెప్పడానికి 2011 దాకా పట్టింది, అది వేరే కథ.

బిచ్రీలో నాకు ముఖ్యంగా కనిపించేది తీర్పు కాదు. ఫ్యాక్టరీ మూతపడ్డాక కూడా నూతులు పాడవుతూనే ఉన్నాయి. ఇవాళ పైపులు చూపించి ‘ఏమీ వదలడం లేదు’ అంటే, ఎప్పుడో నేలలో ఇంకిన దాని సంగతి తేలదు.

మందుల విషయంలో ఇలాంటి ఆనవాలు పటాన్‌చెరులో దొరికింది. అక్కడ మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఉన్నట్టు 2007లో ఒక పరిశోధన బయటపెట్టింది. సిప్రోఫ్లోక్సాసిన్ సముద్రం నుంచి రాదు, యూరియా బస్తాలోంచీ రాదు.

ఉప్పు వాదనకూ పరీక్ష ఉంది. సముద్రపు నీటిలో క్లోరైడ్ బరువు బ్రోమైడ్‌కు సుమారు 290 రెట్లు. బోరులో ఈ లెక్క బాగా తప్పితే సముద్రం మీద నెట్టడం కష్టం. నైట్రేట్ యూరియాదా, మరుగుదొడ్డిదా అన్నది అందులోని నైట్రోజన్ ఐసోటోపులు (బరువులో తేడా ఉన్న నైట్రోజన్ రకాలు) చాలావరకు చెప్తాయి. న్యాయంగా చెప్పాలంటే, ఈ పరీక్షల్లో కొన్ని రైతులకు ఎదురు తిరగొచ్చు కూడా.

మనమే రంగు కలిపి జాడ తీసే పద్ధతీ ఉంది. 1877లో జర్మనీలో డాన్యూబ్ నది నేలలోకి ఇంకిపోయే చోట 10 కిలోల యురానిన్ అనే రంగు పోస్తే, రెండున్నర రోజులకు 12 కిలోమీటర్ల అవతల ఆహ్ ఊటలో ఆకుపచ్చగా తేలింది. అదీ నీళ్ల తగాదాయే! కానీ అది సున్నపురాతి నేల. మనది ఖోండలైట్ రాయి, నీరు పగుళ్ల వెంట పోతుంది. ఒక బోరులో రంగు పడి, పక్క బోరులో పడకపోవచ్చు. రోడమైన్ లాంటి రంగులైతే బంకమట్టికి అంటుకుంటాయి. కాబట్టి రంగు తేలనంత మాత్రాన ఎవరూ నిర్దోషి అయిపోరు.

అందుకే ముందు కావాల్సింది కొత్త సీసాలు కాదు, ఒక జాబితా. ఏ కంపెనీ ఏ ఏడాది ఏ మందు చేసింది, ఏ సాల్వెంట్ (కరిగించే ద్రవం) వాడింది అన్నది ల్యాబ్ చేతికి రావాలి. అది లేకపోతే దేనికోసం వెతకాలో ల్యాబ్‌కు తెలీదు, మళ్లీ టీడీఎస్ చూసి పంపేస్తుంది. ఆ వివరాలన్నీ ఉన్నది కంపెనీల రికార్డుల్లోనే.