తిరుపతి ఇళ్లలో ఉప్పునీటి చేపలు: నీరు ముందు కుదిరింది, చేప తరువాత

2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో తిరుపతి జిల్లాకు సముద్రతీరం వచ్చింది గాని, వాకాడు తీరంలోగాని పులికాట్ సరస్సులోగాని పగడపు దిబ్బలు లేవు. మన నగరంలో కొందరి ఇళ్ల గాజుతొట్టెల్లో తిరిగే, అలాంటి దిబ్బల్లో బతికే నారింజరంగు క్లౌన్ ఫిష్, నీలి డామ్‌సెల్ చేపలు చాలావరకు చెన్నై అంగళ్ల నుంచి ప్లాస్టిక్ సంచుల్లో వచ్చినవే. ఆ చేపను దిబ్బ మీద పట్టారా, హేచరీలో, అంటే చేపపిల్లలను పుట్టించి పెంచే కేంద్రంలో, పుట్టించారా అన్నది కొనేవారు తప్పక అడగవలసిన ప్రశ్న.

ఇంట్లో సముద్రాన్ని నిలపాలన్న ప్రయత్నం నూట డెబ్బై ఏళ్లకు పైబడినది. 1846లో లండన్‌లో ఆనా థిన్ అనే ఆమె పగడాలను ఇంట్లో బతికించారు. 1853లో అదే నగరపు జంతుప్రదర్శనశాలలో మొదటి ప్రజా అక్వేరియం తెరిచారు. అందులో ముఖ్యపాత్ర వహించిన ప్రకృతి శాస్త్రవేత్త ఫిలిప్ హెన్రీ గాస్, లవణాలు కలిపి సముద్రపు నీటిని తయారుచేసే పద్ధతిని ఆ దశకంలోనే ప్రకటించాడు. 1961లో ఇండొనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్, దిబ్బ మీది రాళ్లను వాటిపై బతికే సూక్ష్మజీవులతో సహా తొట్టెలో పెడితే నీరు తనంతట తానే శుభ్రపడుతుందని వివరించాడు. చేపల విసర్జనలోని అమోనియాను ఆ సూక్ష్మజీవులే మొదట నైట్రైట్‌గా, ఆపై అంత హాని లేని నైట్రేట్‌గా మారుస్తాయి.

నీటి సంగతి ఇలా ఒక కొలిక్కి వచ్చినా ఈ చేపలను అమ్మకానికి సరిపడా పుట్టించడం మాత్రం అప్పటికి ఎవరికీ చేతకాలేదు. గిరాకీ పెరిగినకొద్దీ భారమంతా దిబ్బల మీద పడింది. 1960లలో ఫిలిప్పీన్స్‌లో సోడియం సైనైడ్ ద్రావణాన్ని సీసాలతో పగడాల సందుల్లోకి చిమ్మి, మత్తెక్కిన చేపలను ఏరుకోవడం మొదలైంది. ఆ విషానికి పగడం చచ్చిపోయేది. చేప పైకి నిగనిగలాడుతూనే ఉన్నా లోపల కాలేయం దెబ్బతిని, కొన్న కొద్దివారాలకే చనిపోయేది. ఈ అభిరుచి చరిత్రలో ఇంతకు మించిన క్రూరమైన ఘట్టం లేదు.

1970ల తొలినాళ్లలో ఫ్లోరిడాలో సముద్రజీవ శాస్త్రవేత్త మార్టిన్ మో క్లౌన్ ఫిష్‌ను వ్యాపారస్థాయిలో పెంచి చూపించాడు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ కూడా ఈ జాతుల సంతానోత్పత్తి పద్ధతులను రూపొందించింది. చట్టం విషయానికి వస్తే, 2001లో రాతి పగడాలను, సముద్రపు గుర్రాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు కనుక, మన్నార్ సింధుశాఖలోనో అండమాన్‌లోనో విరిచిన పగడాన్ని అలంకారానికి పెట్టుకోవడం నేరం. క్లౌన్ ఫిష్‌కు ఆ రక్షణ లేదు కాబట్టే కొనేవారి బాధ్యత మరింత ఎక్కువ.

తిరుపతి వాతావరణం ఇందుకు అనుకూలం కాదని కూడా చెప్పాలి. ఎండ 40 డిగ్రీలు దాటే మే నెలలో, 26 డిగ్రీల దగ్గర ఉండవలసిన తొట్టె నీరు చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) లేకుంటే వేడెక్కుతుంది, వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గిపోతుంది. గాజు అంచున తెల్లగా ఉప్పు పేరుకుంటుంది, నీటిమట్టం రోజురోజుకూ కిందికి జారుతుంది. ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. కాబట్టి ఆ వెలితిని ఉప్పునీటితో కాకుండా, బోరునీటితోనూ కాకుండా, ఆర్‌ఓ మంచినీటితోనే పూడ్చాలి. లీటరుకు సుమారు 35 గ్రాములుండే ఉప్పు ఒక్కసారిగా ఎక్కువైతే చేప తట్టుకోలేదు.

కుదురుకున్న క్లౌన్ ఫిష్ జంట తొట్టెలోనే గుడ్లు పెడుతుంది. రాతికి అంటుకున్న ఆ నారింజరంగు గుడ్ల ముందు మగచేప వారంరోజులకు పైగా కదలకుండా కాపు కాసి, రెక్కలతో నీటిని విసురుతూ, పాడైన గుడ్లను నోటితో ఏరివేస్తుంది. గుడ్ల నుంచి బయటికి వచ్చిన పిల్లలకు మొదటి రోజుల్లో కంటికి ఆనని రోటిఫర్లనే సూక్ష్మ జలజీవులే ఆహారం. వాటిని విడిగా పెంచి అందించగల హేచరీలో పెరిగిన పిల్ల గుళికల మేతకు అలవాటుపడ్డాకే అంగడికి చేరుతుంది. అందుకే సంచి కట్టించుకునే ముందు అక్కడే చిటికెడు మేత వేయించి, చేప తింటున్నదో లేదో చూడాలి.