చుక్కి మంచం కింద నుంచి రానంటే

చిన్నీ, బాబీ,

నిన్న ఫోన్‌లో చిన్ని ఏడుస్తూ చెప్పింది నాకు సగమే అర్థమైంది. తర్వాత మీ అమ్మ మొత్తం చెప్పింది. కొత్తగా తెచ్చిన పిల్లికూన లడ్డూని నేరుగా మీ పాత పిల్లి చుక్కి ముందు దించారట. చుక్కి బుస్సుమని, దాన్ని ఒక్కటి కొట్టి, మంచం కిందకి దూరి తెల్లారేదాకా రాలేదట. "దానికి కుళ్ళు అమ్మమ్మా" అన్నావు. కుళ్ళు కాదు తల్లీ, భయం.

పిల్లికూనలకి రెండో వారం నుంచి ఏడో వారం దాకా చాలా ముఖ్యమైన కాలం. అప్పుడు మనుషుల చేతులు తగిలితే పెద్దయ్యాక కూడా చనువుగా ఉంటాయి. చుక్కి ఆ రోజులన్నీ మీ సెల్లార్‌లో కార్ల కింద గడిపింది. కాలింగ్ బెల్ మోగినా ఉలిక్కిపడేది అందుకే. అలాంటి దానికి మీ ఇల్లు ఒక్కటే ధైర్యం. అది సోఫా మూలకీ, తలుపు అంచుకీ బుగ్గలు రుద్దుతుంది చూశారా? బుగ్గల దగ్గరున్న గ్రంథుల వాసన అక్కడ అంటుకుంటుంది. ఆ వాసన ఉన్నంత మేరా తన ఇల్లే అని దాని లెక్క. ఆ ఇంట్లోకి ఉన్నట్టుండి ఎవరిదో వాసన వచ్చిపడింది.

కాబట్టి వాటికి చూపులకంటే ముందు వాసనతో పరిచయం కావాలి. ఈ రాత్రికే లడ్డూని మీరు చదువుకునే గదిలోకి మార్చండి. తిండి, నీళ్ళు, ఇసుక ట్రే అన్నీ అక్కడే. పాపం ఒంటరిగా ఉంటుందని బాబీ బెంగపడకు. అంత చిన్న ప్రాణానికి చిన్న గదే నయం, మీరు వంతులవారీగా వెళ్ళి ఆడించండి. డాక్టర్‌కి చూపించేదాకా ఎలాగూ విడిగానే ఉంచాలి. బయటి నుంచి వచ్చిన కూనకి గోమార్లు, నులిపురుగులు ఉండొచ్చు, అంటురోగాలూ ఉండొచ్చు. టీకాలు ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేయిస్తారు.

మీ అమ్మ పాత నూలు చీర ముక్క ఒకటి తీసుకుని లడ్డూ బుగ్గలకి మెల్లగా రుద్దండి. దాన్ని చుక్కి గిన్నెకి కాస్త దూరంగా పడేయండి, ముక్కు దగ్గర పెట్టొద్దు. బుస కొడితే కొట్టనివ్వండి, తిట్టకండి. "దగ్గరికి రాకు" అని చెప్పడమే అది. వాసన చూసి తన దారిన తను పోయిందంటే సగం పని అయినట్టే. అప్పుడు మూసిన తలుపుకి చెరోవైపు గిన్నెలు పెట్టండి, మొదట బాగా దూరంగా, తర్వాత రోజుకో జాన దగ్గరగా. ఆ తర్వాత లడ్డూని వేరే గదిలో ఉంచి, చుక్కిని కాసేపు లడ్డూ గదిలో తిరగనివ్వండి. ఆ గదికి దోమల జాలీ తలుపు ఉండటం మన అదృష్టం. మొదటిసారి ఒకదాన్నొకటి చూసుకోవడం దాని గుండానే జరగాలి. అంతకుముందే లడ్డూని బాగా ఆడించి అలసిపోయేలా చేయండి.

చుక్కి చెవులు వెనక్కి అణిచినా, తోక ఉబ్బించినా ఆ రోజుకి ఆపేయండి. దానికి బీరువా మీదో, అటక మీదో ఎక్కి కూర్చునే చోటు ఎప్పుడూ ఉండాలి. ఇసుక ట్రేలు రెండు పిల్లులకి మూడు. ఇదంతా ఎన్నాళ్ళని అడగకండి. కొన్ని పిల్లులు వారంలో కలుస్తాయి, కొన్నింటికి నెలలు పడుతుంది.

మంచం కింద నుంచి మాత్రం దాన్ని లాగొద్దు. నేను ఒకప్పుడు ఆ తప్పు చేశాను. మా పాత పిల్లిని చంకలో గట్టిగా పట్టుకుని కొత్త కూన ముందు కూర్చోబెట్టాను. అది నా చెయ్యి గీరి అటకెక్కి, రెండు రోజులు ముద్ద ముట్టలేదు. పెద్ద పిల్లి అలా పస్తులుంటే లివర్‌లో కొవ్వు పేరుకుని ప్రాణం మీదకి వస్తుందని డాక్టర్ చెప్పాకే నాకు తెలిసింది. చుక్కి ఒక రోజంతా తినకపోతే వెంటనే అమ్మకి చెప్పండి.

రోజూ సాయంత్రం మంచానికి కాస్త ఎడంగా నేల మీద కూర్చుని పుస్తకం చదువుకోండి. చుక్కి మీ వైపు చూస్తే గుడ్లప్పగించి చూడకుండా, మెల్లగా కళ్ళు మూసి తెరవండి. అది కూడా అలాగే కళ్ళు మూసి తెరిచిన రోజు, ఎంత రాత్రయినా సరే, నాకు ఫోన్ చేయండి.

మీ అమ్మమ్మ