ఇనుప ఇసుక నుంచి కత్తి ఉక్కు దాకా: అపోహలు - వాస్తవాలు

అపోహ: జపాన్ తతర కొలిమిలో ఉక్కు కరిగి కాలువలా పారుతుంది.

వాస్తవం: ప్రధానంగా పారేది చిట్టెం, అంటే ఇనుము నుంచి విడిపోయిన కరిగిన మలినం. ఉక్కు అడుగునే ముద్దకడుతుంది. దాన్ని కెర అంటారు. షిమానే ప్రాంతంలోని ఒకుఇజుమోలో 1977లో పునరుద్ధరించిన నిత్తోహో తతరను ఏటా చలికాలంలో వెలిగిస్తారు. మూడు పగళ్లు, మూడు రాత్రుల్లో దాదాపు 10 టన్నుల ఇనుప ఇసుక, 12 టన్నుల కట్టెబొగ్గు మింగి రెండున్నర టన్నుల కెర ఇస్తుంది. అందులో కత్తులకు వాడే మేలురకం ఉక్కు, తమహగనె, టన్ను లోపే. మట్టి గోడలు కూడా ముడిసరుకే: ఇసుకతో కలిసి కరిగి చిట్టెంగా మారుతుంటాయి. అవి పలచబడి నిలవలేని స్థితికి వస్తే పని ఆపాల్సిందే. అందుకే కొలిమిని ప్రతిసారీ పగలగొట్టి కొత్తగా కడతారు.

అపోహ: అయస్కాంతానికి అంటిన నల్ల ఇసుకంతా పనికొస్తుంది.

వాస్తవం: భీమిలి తీరంలోని నల్ల ఇసుకలో ఇల్మెనైట్ అనే టైటానియం ఖనిజం ఎక్కువ. బలమైన నియోడిమియం అయస్కాంతం దాన్నీ లాగేస్తుంది. మామూలు స్పీకర్ అయస్కాంతానికి ఎగిరి అంటుకునేది మాగ్నెటైట్ అనే ఇనుప ఖనిజం, కావాల్సింది అదే. టైటానియం మరీ ఎక్కువైతే చిట్టెం చిక్కబడి బయటికి రాదు.

అపోహ: వేడి ఎంత పెంచితే ఉక్కు అంత మంచిది.

వాస్తవం: వేడి, బొగ్గు మితిమీరితే కార్బన్ 2 శాతం దాటి పోత ఇనుమవుతుంది, సమ్మెట కింద పొడిపొడే. చిట్టెం చూస్తే తెలిసిపోతుంది. నల్లగా, బరువుగా ఉంటే ఇనుము అందులోకి పోతోంది. ఆకుపచ్చ గాజులా తేలిగ్గా ఉంటే పోత ఇనుము వైపు జారుతోంది.

అపోహ: వెయ్యిసార్లు మడిస్తేనే కత్తి.

వాస్తవం: అసలు పని మడతకు ముందే సగం అయిపోతుంది. కెర ముక్కను కాల్చి 5 మిల్లీమీటర్ల రేకుగా సాగగొట్టి నీళ్లలో ముంచుతారు. కార్బన్ ఎక్కువున్న చోట అది తనంతట తనే పగులుతుంది. మిగతాది సుత్తితో తడితే టక్కున విరిగి, సన్నటి మెరిసే పలుకు చూపించేది కత్తి అంచుకు వాడతారు. విరగకుండా వంగేది కత్తి లోపలి గుజ్జుకు. ఏరినవి పేర్చి, తడి కాగితం చుట్టి, గడ్డి బూడిద పూసి, బంకమట్టి నీళ్లు పోసి కాలుస్తారు. మట్టిపూత గాలి తగలనివ్వదు, కరిగి పొక్కునీ (కాలిన ఇనుము మీద కట్టే పెంకు) కడిగేస్తుంది. మొదటి దెబ్బలు మెల్లగానే పడాలి. అతుక్కోకముందే బలంగా కొడితే పొరలు విడిపోతాయి, ఇంకా మడవని కెర ముద్ద అయితే చీలిపోతుంది.

ఆ తర్వాత 10 నుంచి 15 మడతలు చాలు. 15కే 32,768 పొరలు. మడతమడతకీ పొక్కు రాలి బరువు తగ్గుతుంది, కార్బన్ కూడా కాలిపోతుంది. చిట్టెం పిండేసి కార్బన్ సమంగా పరిచాక ఇంకా మడవడమంటే ఉక్కును మెత్తటి ఇనుముగా మార్చడమే.

అపోహ: మన కోనసముద్రం ఉక్కూ, తమహగనె ఒకటే.

వాస్తవం: నిజామాబాద్ జిల్లాలో చేసిన ఆ ఉక్కు మూసి ఉంచిన మూసలో పూర్తిగా కరిగి, నిదానంగా చల్లారినది. చిట్టెం పైకి తేలిపోతుంది కాబట్టి మడతలతో పనిలేదు. కాల్చే పద్ధతీ వేరు: తమహగనె పొరలు అతకాలంటే తెల్లటి వేడి కావాలి, మూస ఉక్కును అంత వేడి చేస్తే దాగలి మీదే పెళుసు బెల్లంలా రాలిపోతుంది. దాన్ని ఎరుపు నుంచి నారింజ రంగు దాటనివ్వకుండా ఓపిగ్గా సాగగొట్టాలి.