ఐ-5 బైప్లేన్: అపోహలు - వాస్తవాలు

విమానాల స్ట్రక్చర్స్ నా పని. కొత్తగా చేరిన ఇంజనీర్లకు పాత డిజైన్లు చూపించేటప్పుడు 1930 నాటి సోవియట్ ఫైటర్ ఐ-5 తప్పకుండా చూపిస్తాను. అది బైప్లేన్, అంటే ఒకదానిపై ఒకటిగా రెండు వరుసల రెక్కలున్న విమానం. దాని గురించి ప్రతిసారీ ఇవే మాటలు వినిపిస్తాయి.

అపోహ: ఒక వరుస రెక్క చాలని తెలియక రెండు పెట్టారు.

తెలియక కాదు. అప్పుడున్న ఇంజను బలం 480 హార్స్‌పవర్. రెక్కలు కర్ర, గుడ్డ. బాడీ లోపల ఉక్కు గొట్టాల ఫ్రేము. పై రెక్కకీ కింది రెక్కకీ మధ్య స్ట్రట్లు (నిలువు కడ్డీలు) నిలబెట్టి ఏటవాలుగా తీగలు బిగిస్తే, రెండూ కలిసి రైలు వంతెన గర్డర్‌లా బరువు మోస్తాయి. పల్చటి రెక్క కూడా వంగదు. రెక్క పొడవు తక్కువ కాబట్టి విమానం చప్పున పక్కకి దొర్లుతుంది, కొద్ది చోటులోనే మలుపు తిరుగుతుంది. ఆ స్ట్రట్లూ తీగలూ గాలికి అడ్డమే. కానీ గాలి నిరోధం వేగానికి వర్గంలో పెరుగుతుంది. ఐ-5 గరిష్ఠ వేగం గంటకు సుమారు 280 కిలోమీటర్లు, అక్కడ ఆ నష్టం భరించొచ్చు. దీని డిజైనర్ నికొలాయ్ పొలికార్పోవ్‌వే బైప్లేన్ ఐ-15, ఒంటి వరుస రెక్కల ఐ-16 కూడా. రెండూ 1933 చివరి నెలల్లోనే తొలిసారి ఎగిరాయి. అంటే ఒక వరుసా రెండు వరుసలా అన్నది తెలియక చేసింది కాదు, ఎంచుకున్నది.

అపోహ: ఇది బ్రిటిష్ విమానానికి కాపీ.

ఇంజను మాత్రమే బయటి డిజైన్, బ్రిస్టల్ జూపిటర్. తర్వాత అదే ఇంజను ఫ్రెంచి లైసెన్సుతో ఎం-22 పేరున రష్యాలో తయారైంది. విమానం మాత్రం వాళ్ళదే. 800కి పైగా కట్టారు.

అపోహ: జైల్లో పెట్టి భయపెట్టారు కాబట్టే అంత త్వరగా తయారైంది.

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. 1929 అక్టోబరులో పొలికార్పోవ్‌ను విద్రోహ ఆరోపణ మీద అరెస్టు చేసి మరణశిక్ష వేశారు. తర్వాత బుతిర్కా జైలు నుంచి తెచ్చి, గ్రిగొరోవిచ్ లాంటి ఖైదీ ఇంజనీర్లతో కలిపి కాపలా మధ్య డిజైన్ చేయించారు. ఐ-5 ప్రోటోటైప్ (తొలి నమూనా) పేరు వీటీ-11. వీటీ అంటే రష్యన్‌లో 'లోపలి జైలు'. 1930 ఏప్రిల్ 29న అది ఎగిరింది, నిజమే. అయితే పొలికార్పోవ్ అంతకుముందే ఐ-3 ఫైటర్ చేశాడు, ఐ-6 బైప్లేన్ పని సగంలో ఉండగా పట్టుకుపోయారు. గ్రిగొరోవిచ్‌కి ఐ-2 అనుభవం ఉంది. లెక్కలు వాళ్ళ తలల్లోనే ఉన్నాయి. త్వరగా అయ్యిందంటే ఆ అనుభవం వల్లే.

పొలికార్పోవ్ 1944లో చనిపోయాడు. ఆ తీర్పును కోర్టు కొట్టేసింది 1956లో.