తుఫాను దాటినా దించని సూచిక

"మేస్టారూ, జొరం తగ్గి ఎనిమిది నెలలైపోనాది. రిపోర్టులన్నీ నార్మలే అంటన్నారు. మరి మెట్లెక్కితే ఎందుకిలా కూలబడిపోతన్నాను?"

అడిగింది నా పాత విద్యార్థి, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మరబోటు సరంగు. కోవిడ్ వచ్చి తగ్గాక మళ్ళీ వేటకు పోలేదు. కోవిడ్ తగ్గినా నెలల తరబడి వదలని ఇలాంటి బాధనే లాంగ్ కోవిడ్ అంటారు. ఇంట్లో దిష్టి తీయించారట. నాకు నవ్వు రాలేదు. "నీకేమీ లేదు" అని డాక్టరే పంపించేస్తే మనిషి ఇంకెక్కడికి పోతాడు?

ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే టీ కణాలు, బీ కణాలు, యాంటీబాడీలు ఇంటర్ పుస్తకంలో ఉన్నాయి. ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి నాకే విసుగొచ్చింది. అందుకని అతనికి ఓడరేవు భాషలోనే చెప్పాను.

తుఫాను వస్తోందంటే ఓడరేవులో ప్రమాద సూచిక ఎగరేస్తారు. ఒకటి నుంచి పదకొండు దాకా నంబర్లు. ఆ సూచిక తుఫానును ఆపదు, బోట్లను ఆపుతుంది. ఒంట్లో ఆ పని చేసేది ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్. 1957లో లండన్‌లో ఐజాక్స్, లిండెన్‌మాన్ దీన్ని కనిపెట్టారు. వైరస్ సోకిన కణం దీన్ని వదిలితే ఇరుగుపొరుగు కణాలు అందుకుంటాయి. వాటి లోపల జాక్ ఎంజైములు స్టాట్ ప్రోటీన్లకు ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఆ స్టాట్‌లు కేంద్రకంలోకి వెళ్ళి వందల జన్యువుల్ని లేపుతాయి. అలా లేచిన జన్యువుల వల్ల తయారయ్యేవాటిలో పీకేఆర్ అనే ఎంజైము ఒకటి. రెండు పేటల ఆర్‌ఎన్‌ఏ, అంటే వైరస్ ఆనవాలు, కంటపడితే చాలు, అది ప్రోటీన్ల తయారీకే అడ్డం పడుతుంది. వైరస్ ప్రోటీన్లూ ఆగుతాయి, మనవీ ఆగుతాయి. లంగరేసిన బోటు దొంగకీ పనికిరాదు, సరంగుకీ పనికిరాదు.

తుఫాను తీరం దాటాక సూచిక దించాలి. ఒంట్లో సాక్స్1, యూఎస్‌పీ18 లాంటి ప్రోటీన్లు అందుకే ఉన్నాయి. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న వచ్చి పోయింది. అప్పటి సూచికను మరుసటి జూన్ దాకా దించలేదనుకోండి. ఆకాశం తేటగానే ఉంటుంది. బోట్లు కదలవు, ఐసు కరిగిపోతుంది, కళాసీల ఇళ్ళలో పొయ్యి వెలగదు. సిడ్నీ పరిశోధకులు 2022లో చూసింది ఇలాంటిదే: లాంగ్ కోవిడ్ ఉన్నవాళ్ళ రక్తంలో ఎనిమిది నెలల తర్వాత కూడా ఇంటర్‌ఫెరాన్‌లో బీటా, లాంబ్డా1 అనే రకాలు ఎక్కువగానే ఉన్నాయి. ఒకప్పుడు హెపటైటిస్ సికి ఇంటర్‌ఫెరాన్‌నే ఇంజెక్షన్లుగా ఇచ్చేవారు. అవి తీసుకున్నవాళ్ళలో చాలామంది నీరసంతో, దిగులుతో మంచం పట్టారు. సూచిక ఒక్కటే మనిషిని పడగొట్టగలదనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి! మామూలు ల్యాబులో చేసే సీబీపీ (రక్తకణాల లెక్క), సీఆర్‌పీ (ఒంట్లో వాపు పరీక్ష) ఈ ఇంటర్‌ఫెరాన్‌ను కొలవవు. రిపోర్టు నార్మల్ అంటే అర్థం అంతే.

ఎందుకు దించలేదు? తుఫాను నిజంగా దాటలేదేమో. 2006లో ఆంధ్రప్రదేశ్‌ను కుదిపేసిన చికున్‌గున్యా గుర్తుంది కదా, ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఒక రోగి కీలులో పద్దెనిమిది నెలల తర్వాత కూడా కనబడింది. కోవిడ్ అవశేషాలూ కొందరి ఒంట్లో అలాగే దాక్కుంటున్నాయి. అలాగైతే వైరస్ మందు పనిచేయాలి. స్టాన్‌ఫర్డ్‌లో పాక్స్‌లోవిడ్‌ను పదిహేను రోజులు ఇచ్చి చూశారు. 2024లో ఫలితం వచ్చింది: తేడా లేదు. ఇంకో దారి సూచిక తాడునే కోసేయడం, అంటే జాక్‌లను అడ్డుకునే బారిసిటినిబ్ లాంటి మందు. దాని మీద ప్రయోగాలు నడుస్తున్నాయి. నాకు ఆశ ఉంది, భయమూ ఉంది. తాడు లేని రేవుకు ఇంకో తుఫాను వస్తే? చవకైన షుగరు మాత్ర మెట్‌ఫార్మిన్ మాత్రం ఆశ్చర్యపరిచింది. అధిక బరువున్నవాళ్ళకు కోవిడ్ మొదటి రోజుల్లోనే ఇస్తే, తర్వాత లాంగ్ కోవిడ్ అని తేలినవాళ్ళు సుమారు 10 శాతం నుంచి 6 శాతానికి తగ్గారు. మావాడికి ఆ పడవ ఎప్పుడో దాటిపోయింది.

"రోజూ గట్టిగా నడువు, అదే పోద్ది" అని ఎవరో సలహా ఇచ్చారట. అది చేయవద్దన్నాను. ఈ జబ్బులో శక్తికి మించి కదిలితే ఆ రోజు బాగానే ఉంటుంది, ఒకట్రెండు రోజులకు కుప్పకూలతారు. జ్వరం తగ్గాక పథ్యం, విశ్రాంతి అంటూ మన అమ్మమ్మలు పట్టే పట్టులోంచి తలస్నానం భయం తీసేస్తే, మిగిలిందంతా నాకు నచ్చుతుంది.

ఇప్పుడతను జెట్టీ మీద నీడలో కూర్చుని ఐసు లెక్కలు రాస్తున్నాడు. అలుపు రాకముందే ఇంటికి పోతాడు.