ఒకే అచ్చు, రెండు మార్కులు

నోట్లో పెట్టగానే గట్టిపడే ముద్ద ఆల్జినేట్‌తో తీసిన పళ్ల అచ్చు. వెనక దవడపన్ను అంచున ఆవగింజంత గాలిబుడగ. టీచర్ ట్రేని లైటు కిందకు వంచి, "ప్లాస్టర్ పోస్తే ఇక్కడ బొడిపె లేస్తుంది, మళ్లీ తియ్యి" అంటారు. పక్క టేబుల్ దగ్గర అలాంటి అచ్చే ఇంకొకరి చేతిలో పాసైపోతుంది. డెంటల్ అసిస్టెంట్ కోర్సుల్లో ఈ పేచీ ఆ వృత్తి పుట్టిన తీరులోనే ఉంది.

1885లో న్యూ ఓర్లీన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు మాల్వినా క్యూరియా అనే అమ్మాయిని సహాయకురాలిగా పెట్టుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం ఇది కుర్చీ పక్కన నిలబడి నేర్చుకునే పనే. ఏ డాక్టర్ దగ్గర చేరితే ఆయన పద్ధతే సరైన పద్ధతి. 1924లో జూలియెట్ సదర్డ్ అనే డెంటల్ అసిస్టెంట్ చొరవతో అమెరికాలో అసిస్టెంట్ల సంఘం, 1948లో సర్టిఫికేషన్ బోర్డు వచ్చాయి. రాతపరీక్ష అందరికీ ఒకటే అయింది. క్లినిక్‌లో మార్కులు వేసేవాళ్లు మాత్రం తాము పనిచేసిన డాక్టర్ల అలవాట్లను వెంటబెట్టుకునే వచ్చారు.

రాతపరీక్షలనూ మరీ నమ్మలేం లెండి. 1913లో స్టార్చ్, ఇలియట్ అనే పరిశోధకులు ఒకే జామెట్రీ పేపర్‌ను వందమందికి పైగా టీచర్లతో దిద్దిస్తే మార్కులు ముప్పైలోపు నుంచి తొంభై పైదాకా పడ్డాయి. జామెట్రీకే ఇంత తేడా ఉంటే, నోట్లోని ఉమ్మి, నీళ్లు పీల్చే సక్షన్ గొట్టం పట్టుకునే తీరుకు ఎంత ఉండాలి?

1975లో స్కాట్లండ్‌లోని డండీలో రొనాల్డ్ హార్డెన్ బృందం తెచ్చిన స్టేషన్ల పరీక్ష (ఒక్కో బల్ల దగ్గర ఒక్కో పని చేసి చూపించడం), చెక్‌లిస్టు పద్ధతి ఆరోగ్య కోర్సుల్లోకి పాకాయి. తేడాలు తగ్గాయి కానీ, నా ఉద్దేశంలో, కొన్ని కాగితంలో దాక్కున్నాయి. "సక్షన్ టిప్ సరైన చోట పెట్టింది" అని రాసి ఉంటుంది. ఎవరి లెక్కలో సరైన చోటు?

మార్కులు కలిసినంత మాత్రాన టీచర్లు ఒకేలా చూస్తున్నట్టూ కాదు. ఇద్దరూ నూటికి తొంభై మందిని పాస్ చేసేవాళ్లయితే, అచ్చు చూడకుండా వేసినా నూటికి దాదాపు 82 సార్లు మార్కులు కలుస్తాయి. ఈ కాకతాళీయాన్ని తీసేసి లెక్కగట్టే కప్పా కొలతను జేకబ్ కోహెన్ 1960లోనే ఇచ్చారు.

అందుకే టర్మ్ మొదలయ్యే ముందు కాలిబ్రేషన్, అంటే టీచర్ల కొలతలు ఒకదానితో ఒకటి సరిచూసుకునే పూట, పెడతారు. ఒకే ట్రే చేతులు మారుతుంది. మాట్లాడుకోకుండా ఎవరి మార్కు వాళ్లు రాస్తారు, తర్వాతే బుడగ గురించి వాదన. వారానికి ఒక్కరోజు వచ్చే పార్ట్‌టైమ్ టీచర్‌కు ఆ పూట తీరిక దొరకదు. చాలాచోట్ల విద్యార్థుల పక్కన ఎక్కువసేపు నిలబడేది ఆవిడే.