ఆస్ట్రియా వారసత్వ యుద్ధం, సప్తవర్ష సంగ్రామం: ఫ్రాన్స్ గురించిన అపోహలు, వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఐరోపా చరిత్ర బోధిస్తున్నాను. ఆస్ట్రియా వారసత్వ యుద్ధాన్ని (1740–48), సప్తవర్ష సంగ్రామాన్ని (1756–63) పోల్చమన్న ప్రశ్నకు వచ్చే జవాబుల్లో కారణాలు ఒక వరుసలో, ఫలితాలు మరో వరుసలో పొందికగానే ఉంటాయి. అయితే మొదటి యుద్ధం తేల్చకుండా వదిలేసిన తగవులే రెండో యుద్ధాన్ని తెచ్చాయన్న అసలు సంగతి ఎక్కడా కనిపించదు. అందుకు కొన్ని అపోహలే మూలం.

అపోహ: ఆస్ట్రియా సింహాసనానికి వారసురాలైన మేరియా థెరీసా స్త్రీ కాబట్టి ఆమె వారసత్వాన్ని ఒప్పుకోక ఫ్రాన్స్ యుద్ధానికి దిగింది.

వాస్తవం: ఆ వారసత్వాన్ని గుర్తిస్తామని ఫ్రాన్స్ అంతకుముందే మాట ఇచ్చింది, ఆ ఒప్పందంలోనే తన సరిహద్దున ఉన్న లొరైన్ ప్రాంతం భవిష్యత్తులో తనకు దక్కేటట్లు చూసుకుంది. 1740 అక్టోబరులో ఆమె తండ్రి, చక్రవర్తి ఆరో చార్లెస్ మరణించాడు. డిసెంబరులో ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ ఆస్ట్రియా ఏలుబడిలోని సైలీషియాపై దండెత్తాడు. ఆస్ట్రియాను ఏలే, తరతరాల వైరి అయిన హాబ్స్‌బర్గ్ వంశాన్ని పడగొట్టే అదను ఇదేనని ఫ్రెంచి సేనాని బెల్ ఈల్ వర్గం పట్టుబట్టగా, వృద్ధ మంత్రి కార్డినల్ ఫ్లూరీ మనసొప్పకుండానే తలొగ్గాడు.

అపోహ: మొదటి యుద్ధాన్ని ముగించిన 1748 ఎక్స్-లా-షాపెల్ సంధిలో ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ గెలిచినదంతా ఉదారంగా వదులుకున్నాడు.

వాస్తవం: ఆనాటి పారిస్ ప్రజలు కూడా అలాగే అనుకుని మండిపడ్డారు. 1745లో ఫాంటెన్వా విజయం తరువాత సేనాని మారిస్ ద సాక్స్ ఆస్ట్రియా అధీనంలోని నెదర్లాండ్స్‌ను, అంటే నేటి బెల్జియంలో అధిక భాగాన్ని, కోట తరువాత కోటగా పట్టుకున్న మాట నిజమే. అయితే అదే 1745లో అమెరికాలోని లూయీబుర్గ్ కోట చేజారింది; 1747లో ఫినిస్టెర్ అగ్రం దగ్గర జరిగిన రెండు పోరాటాల్లో ఫ్రెంచి నౌకాదళం చితికిపోయింది. సముద్రంపై పోయినదాన్ని నేలపై గెలిచినదానితో విడిపించుకోవడమే ఆ సంధిలో జరిగిన బేరం. లూయీబుర్గ్ తిరిగి వచ్చింది, 1746లో పట్టుకున్న మద్రాసు ఇంగ్లీషువారికి పోయింది. సైలీషియా ప్రష్యా చేతిలోనే ఉండిపోయింది, అమెరికా సరిహద్దులు తేలనేలేదు.

అపోహ: ఆస్ట్రియాతో 1756లో కుదిరిన మైత్రికి లూయీ ప్రియురాలు మదామ్ ద పాంపడూర్ మోజే కారణం.

వాస్తవం: సంప్రదింపుల్లో ఆమెకు పాత్ర ఉన్న మాట నిజం. అయితే ప్రష్యాతో పాత ఒప్పందాన్ని పొడిగించడానికి లూయీ పంపిన నివెర్నే డ్యూక్ బెర్లిన్‌లో ఉండగానే, 1756 జనవరిలో, ఫ్రెడరిక్ బ్రిటన్‌తో వెస్ట్‌మినిస్టర్ ఒప్పందం కుదుర్చుకున్నాడు. మిత్రుడు కళ్లెదుటే శత్రువుతో చేయి కలిపాక, సైలీషియా కోసం అలమటిస్తున్న ఆస్ట్రియా తప్ప ఫ్రాన్స్‌కు మిగిలిందెవరు? మే 1న వెర్సాయ్‌లో ఆ మైత్రి కుదిరింది.

అపోహ: సప్తవర్ష సంగ్రామం ఐరోపాలో పుట్టి వలస రాజ్యాలకు పాకింది.

వాస్తవం: ఫ్రెంచి, బ్రిటిష్ సేనలు 1754లోనే అమెరికాలోని ఒహాయో లోయలో కాల్పులు జరుపుకున్నాయి.

అపోహ: 1760లో వందవాసి ఓటమితోనే భారతదేశంలో ఫ్రాన్స్ కథ ముగిసింది.

వాస్తవం: మన తెలుగు నేల మీద అది అంతకుముందే సగం ముగిసింది. 1753లో నిజాం సలాబత్ జంగ్ నుంచి ఫ్రెంచి సేనాని బుస్సీ పొందిన ఉత్తర సర్కారుల రాబడే దక్కనులోని ఫ్రెంచి సైన్యానికి జీతం. భారతదేశంలో ఫ్రెంచి సేనలకు అధిపతిగా వచ్చిన లాలీ 1758లో బుస్సీని వెనక్కి పిలిచాడు. విజయనగరం ప్రభువు ఆనంద గజపతిరాజు ఇంగ్లీషువారిని ఆహ్వానించగా, కర్నల్ ఫోర్డ్ ఆ డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తిలో గెలిచి, 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోటను రాత్రివేళ దాడి చేసి పట్టుకున్నాడు.

రెండు సంధులను పక్కపక్కన పెట్టి చదివితే తేడా తెలుస్తుంది. 1748లో ఫ్రాన్స్ చేతిలో బేరమాడడానికి బెల్జియం ఉంది. 1763 పారిస్ సంధి నాటికి అంతటి తాకట్టు ఏదీ లేదు. 1756లో గెలిచిన మినోర్కా ద్వీపాన్ని ఇచ్చి, తన సొంత తీరంలోని బెల్ ఈల్ ద్వీపాన్ని విడిపించుకోవలసి వచ్చింది. చక్కెర పండే గ్వాదలూప్, మార్టినీక్ దక్కాయి; కెనడా పోయింది, ఖజానాపై అప్పు పేరుకుపోయింది.

విద్యార్థుల చేత నేను తప్పక చదివించేది ఆ సంధిలోని 11వ అధికరణం. 1749 తొలినాళ్లలో భారతదేశంలో ఫ్రాన్స్‌కు ఉన్న స్థావరాలను మాత్రమే తిరిగి ఇస్తామని, ఆ తరువాత సంపాదించినవాటిపై అది హక్కు వదులుకోవాలని అందులో ఉంది. అంటే మొదటి యుద్ధం ముగిసిన నాటి పటమే రెండో యుద్ధపు తీర్పుకు కొలబద్ద అయింది. శ్రీకాకుళం నుంచి కొండపల్లి దాకా ఉన్న సర్కారులు ఆ ఒక్క తేదీతో పోయాయి. యానాం అంతకుముందు నుంచే ఫ్రెంచివారిది కాబట్టి వారికే తిరిగి వచ్చింది; మధ్యలో కొన్నిసార్లు బ్రిటిష్ వారు ఆక్రమించినా, 1954 దాకా ఫ్రెంచి స్థావరంగానే కొనసాగింది.